విశాఖ పెరట్లో జిల్లేడు: ఆకు తినే పురుగు నుంచి గండు తుమ్మెద దాకా

వినాయక చవితి నాడు కొబ్బరి, బెల్లం పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించే జిల్లేడుకాయలు విశాఖపట్నంలో చాలా ఇళ్ళలో చేసుకుంటారు. ఆ రోజు పూజలో వాడే ఇరవై ఒక్క పత్రిలో అర్కపత్రం పేరుతో ఉండేది జిల్లేడాకే. మాఘమాసంలో రథసప్తమి వచ్చిందంటే అదే ఆకును రేగుపండుతో కలిపి తల మీద, భుజాల మీద పెట్టుకొని స్నానం చేస్తారు. ఇంత మర్యాద పొందే చెట్టును ఇంటి ఆవరణలో మాత్రం ఎవరూ నాటరు. గోడ వారన దానంతట అది మొలిచినా రెండాకులు వేసేలోపే పీకి పారేస్తారు. ఇంట్లో జిల్లేడు మొలవడం ఇల్లు పాడుపడే సూచన అన్న మాట దానికి ఒక కారణమైతే, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందన్న భయం మరొకటి. మొదటిది నమ్మకం. రెండోదాంట్లో మాత్రం నిజముంది, దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

సీతాకోకచిలుకలకు, తుమ్మెదలకు, పిట్టలకు పనికివచ్చే దేశవాళీ పూలమొక్క, అందులోనూ నిలువెత్తుకు మించి పెరిగి ఏళ్ళ తరబడి బతికేది, విశాఖ నేలలో ఏది పెంచాలని అడిగితే నా జవాబు జిల్లేడే. ఈ జవాబు విన్నవారికి వెంటనే కొన్ని సందేహాలు కలుగుతాయి. విషమున్న మొక్క ప్రాణులకు మేలు ఎలా చేస్తుంది? ఆకులన్నీ గొంగళిపురుగులు కొరికేస్తే మొక్క పెంచి ఏం లాభం? పశువు కూడా ముట్టని పొద చుట్టూ అన్ని కీటకాలు ఎందుకు మూగుతాయి? వేర్వేరుగా కనిపించే ఈ ప్రశ్నలన్నిటికీ మూలం ఒక్కటే, ఆకు తుంచగానే కారే ఆ తెల్లని పాలు. ఏ పాలను చూసి మనం ఈ మొక్కను పెరట్లోంచి గెంటేస్తున్నామో, ఆ పాల వల్లనే దాని మీద ఒక చిన్న లోకం నిలబడి ఉంది.

ముందుగా మొక్కను సరిగా గుర్తుపట్టాలి. మన దగ్గర జిల్లేడు అనే పేరు రెండు జాతులకు వాడతారు. విశాఖ చుట్టుపక్కల రోడ్ల వెంట, ఖాళీ స్థలాల్లో, సముద్రపు ఇసుకలో కనిపించే పెద్ద పొద కెలోట్రోపిస్ జైగాంటియా. దాని పూరేకులు వెనక్కి విచ్చుకొని లేత ఊదా రంగులో గానీ తెల్లగా గానీ ఉంటాయి. తెల్ల పూలు పూసేదాన్నే తెల్ల జిల్లేడు, శ్వేతార్కం అని పిలుస్తారు. అది వేరే జాతి కాదు, రంగు తేడా మాత్రమే. రెండోది కెలోట్రోపిస్ ప్రొసెరా. ఇది కాస్త పొట్టిగా ఉంటుంది, రేకులు నిటారుగా నిలబడి కొసల వద్ద ముదురు ఊదా మచ్చలతో కనిపిస్తాయి. ఈ వ్యాసం మొదటిదాని గురించి. దక్షిణ, ఆగ్నేయాసియాలు దీని పుట్టిల్లు. సాధారణంగా రెండు నుంచి నాలుగు మీటర్ల ఎత్తు పెరుగుతుంది, కాండం అడుగున చేవదేరుతుంది, దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని అమెరికా పాలమొక్కలతో కలిపి అస్క్లేపియాస్ ప్రజాతిలోనే చేర్చాడు. ఆ తర్వాత దీనికి వేరే ప్రజాతి పేరు వచ్చింది గానీ, ఇప్పటికీ ఆ పాలమొక్కలూ ఇదీ గన్నేరు కుటుంబంలోని దగ్గరి చుట్టాలే.

దేశవాళీ అన్న మాట మీద మనం కాస్త ఆగాలి, ఎందుకంటే అడవిలో దానంతట అది పెరిగేదల్లా మనదేనని చాలామంది అనుకుంటారు. కొండవాలుల్లో గుబురుగా అల్లుకుపోయే లాంటానా, ఖాళీ స్థలాల్ని ఆక్రమించే వయ్యారిభామ, పచ్చిక మధ్య పూసే గడ్డి చామంతి మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. వాటి పూల మీద సీతాకోకచిలుకలు వాలవా అంటే, నిక్షేపంగా వాలతాయి. పూలలోని తేనె అందరికీ పెట్టే అన్నదానం లాంటిది, నాలుక అందిన కీటకమల్లా తాగిపోతుంది. ఆకు సంగతి అలా కాదు. ప్రతి మొక్కా తన ఆకును ఏదో ఒక రసాయనంతో కాపాడుకుంటుంది, ఆ రసాయనాన్ని అరిగించుకునే విద్య దానితో తరతరాలుగా కలిసి బతికిన కొద్ది కీటకాలకే తెలుసు. కాబట్టి తోట ప్రాణులకు ఎంత ఉపయోగపడుతోందో తెలుసుకోవాలంటే పూల మీద వాలినవాటిని కాదు, ఆకు తిని పెరిగినవాటిని లెక్కపెట్టాలి. పూలతో మెరిసిపోయే తోటలో ఒక్క గొంగళిపురుగైనా లేకపోతే, అది సీతాకోకచిలుకలకు దారిలో తగిలే టీకొట్టు మాత్రమే, ఇల్లు కాదు.

జిల్లేడు పాలల్లో కార్డినొలైడ్లు అనే పదార్థాలుంటాయి. జంతు కణాల పైపొరల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే ఒక పంపు ఉంటుంది; గుండె కొట్టుకోవడానికి, నరాలు పనిచేయడానికి అదే ఆధారం. కార్డినొలైడ్లు ఆ పంపును పట్టి ఆపేస్తాయి. దీనికి తోడు పాలు గాలి తగలగానే జిగురుగా గడ్డకట్టి ఆకు కొరికిన పురుగు నోటిని అతికిస్తాయి. ఈ రెండంచెల కాపలాను దాటగలిగిన కీటకాలు కొన్నే. వాటిలో విశాఖ వాసులు సులభంగా చూడగలిగినది నారింజ రంగు రెక్కలతో, ముందు రెక్కల కొసల్లో నలుపు మీద తెల్ల మచ్చలతో తీరుబడిగా ఎగిరే సీతాకోకచిలుక. శాస్త్రనామం డానాస్ క్రిసిప్పస్, ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్.

తల్లి చిలుక ఎక్కువగా ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికి వచ్చి ముందు గుడ్డు పెంకునే తింటుంది. ఎదిగిన గొంగళిపురుగు నలుపు, తెలుపు చారలతో, పసుపు మచ్చలతో, వీపు మీద మూడు జతల నల్లని కొమ్ములతో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అది ఆకు తినే తీరును పావుగంట ఓపిక పట్టి చూడాలి. తినబోయే ముందు ఆకు తొడిమనో నడిమి ఈనెనో కొరికి గాటు పెడుతుంది. పాలు ఆ గాటు దగ్గరే కారిపోతాయి, ఆ పైన ఉన్న ఆకు భాగానికి సరఫరా తగ్గిపోతుంది, అప్పుడు నింపాదిగా అంచు నుంచి తినడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వాలిపోయి వేలాడే జిల్లేడాకు కనిపిస్తే తెగులు అనుకోకండి, తొడిమ దగ్గర గాటు ఉందేమో చూడండి. ఇక మిగిలిన విషం సంగతికొస్తే, దాని శరీరంలోని సోడియం పంపు మామూలు జంతువుల పంపులా కార్డినొలైడ్లకు తేలిగ్గా లొంగదు. అరిగించుకోవడమే కాక ఆ విషంలో కొంత దాచుకొని రెక్కల పురుగుగా మారాక కూడా వెంట మోసుకుపోతుంది. ఎంత దాచుకుంటుందన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఒకసారి కొరికి చేదు చూసిన పిట్ట మరోసారి ఆ రంగు జోలికి పోవడానికి జంకుతుంది, అందుకే ఈ చిలుక ఎగరడంలో ఆ తాపీతనం.

ఈ రక్షణను అరువు తెచ్చుకున్న మరొక సీతాకోకచిలుక కూడా మన ఊళ్ళో ఉంది. హైపోలిమ్నాస్ మిసిప్పస్ అనే జాతిలో మగది నల్లని రెక్కల మీద ఊదా అంచుల తెల్ల మచ్చలతో ఉంటుంది, ఆడది మాత్రం మగదాని పోలికే లేకుండా అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. దాని పిల్లలు జిల్లేడు ముట్టవు, గంగపాయల కూర తింటాయి. మనం పప్పులో వేసుకునే ఆకు తిని పెరిగిన చిలుకలో విషమేమీ ఉండదు. విషమున్నదాని వేషం వేసుకొని పిట్టలను మోసం చేస్తుంది. అసలుది అరుదుగా, నకిలీ విరివిగా ఉంటే పిట్టలు త్వరలోనే మోసం కనిపెడతాయి కనుక, ఈ వేషం చెల్లాలంటే పరిసరాల్లో అసలు చిలుకలు తగినన్ని ఉండాలి. ఖాళీ స్థలంలోని జిల్లేళ్ళను జేసీబీ ఒక్క పూటలో చదును చేస్తే నష్టపోయేది జిల్లేడు తిన్నది ఒక్కటే కాదు, దాని ముఖం పెట్టుకొని బతికేది కూడా.

ఇంతవరకూ విన్నవారు ఒక జిల్లేడు నాటితే సరిపోతుందని అనుకోవచ్చు. సరిపోదు. మగ ప్లెయిన్ టైగర్‌కు ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకోవడానికి పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లనే వేరే రకం పదార్థాలు కావాలి, అవి జిల్లేడులో దొరకవు. వాటి కోసం అది గిలిగిచ్చ మొక్కల మీద, తేలు కొండిలా వంగిన పూలకంకి ఉండే నాగదంతి మీద వాలి, ఎండిన, గాయపడిన భాగాలను కాళ్ళతో గీకి రసం పీల్చుకుంటుంది. మగదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వెనక రెక్క మధ్యలో ఆడదానికి మూడు నల్ల చుక్కలుంటే మగదానికి నాలుగుంటాయి, ఆ నాలుగోది నిజానికి వాసన సంచి. గిలిగిచ్చల ప్రజాతికే చెందిన జనుము మన రైతులకు పచ్చిరొట్ట ఎరువుగా తెలిసినదే, విత్తనాలు వ్యవసాయ దుకాణాల్లో దొరుకుతాయి. జిల్లేడు పక్కన రెండు గుప్పెళ్ళ జనుము చల్లి, పూత అయ్యాక కొన్ని మొక్కల్ని పీకకుండా అలాగే ఎండనిస్తే మగ చిలుకల అవసరం తీరుతుంది. దాని పసుపు పూలు గండు తుమ్మెదలకూ ఇష్టమైనవే.

ఆ తుమ్మెదల దగ్గరికే ఇప్పుడు వద్దాం, ఎందుకంటే జిల్లేడు పువ్వు ఒక తాళం అయితే దాని తాళపు చెవి గండు తుమ్మెద. చాలా పూలలో పుప్పొడి పిండిలా రాలుతుంది, ఏ ఈగ వాలినా కొంత అంటుకుపోతుంది. జిల్లేడులో అలా కాదు. పువ్వు మధ్య కిరీటంలా నిలిచిన భాగంలో కేసరాలు, కీలాగ్రం ఒకటిగా అతుక్కుపోయి ఉంటాయి. దాని చుట్టూ ఐదు సన్నని నిలువు చీలికలు, ఒక్కో చీలిక పైన నల్లటి చిన్న క్లిప్పు, ఆ క్లిప్పుకు రెండు వైపులా మైనపు బిళ్ళల్లాంటి రెండు పుప్పొడి ముద్దలు వేలాడుతుంటాయి. తేనె కోసం వాలిన కీటకం కాలో నోటి భాగమో చీలికలోకి జారి, పైకి లాగేటప్పుడు క్లిప్పు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. బలమున్న కీటకమైతే క్లిప్పును ముద్దలతో సహా ఊడబెరుక్కొని మరో పువ్వుకు పోతుంది. అక్కడ ఆ ముద్ద సరిగ్గా మరో చీలికలో దూరి తెగిపోతేనే కాయ కాస్తుంది. బలం చాలని చిన్న కీటకాలు కాలు పోగొట్టుకోవడం, కొన్నిసార్లు అక్కడే చిక్కుకొని చచ్చిపోవడం ఈ తరహా పూలలో మామూలే. బొటనవేలంత ఉండే నల్లని గండు తుమ్మెదకు మాత్రం ఆ బలం ఉంది.

ఈ లెక్క వల్లనే ఒక గుత్తిలో ఎన్నో పూలు పూసినా కాయలు ఒకటో రెండో తప్ప నిలవవు, చాలా గుత్తుల్లో అవి కూడా ఉండవు. మొక్కలో లోపమేమీ లేదు. ఒక్క ముద్దలోనే వందల పుప్పొడి రేణువులుంటాయి కనుక ఒక్కసారి తాళం తెరుచుకుంటే కాయ నిండా గింజలే. అందువల్ల పెరట్లో జిల్లేడు పూస్తూ కూడా కాయకపోతుంటే ఎరువు వేయడం కాక, చుట్టుపక్కల తుమ్మెదలు గూడు పెట్టుకునే చోటు ఉందా అని చూడాలి. అవి ఎండు వెదురులో, పాత దూలాల్లో, చచ్చిన కొమ్మల్లో తొలుచుకొని పిల్లల్ని పెడతాయి. పందిరికి వాడి పక్కన పడేసిన వెదురు బొంగులు నాలుగు గోడకు ఆనించి ఉంచితే చాలు. తెరచిన కొస కింది వైపుకు ఉంటే లోపలికి వాన నీరు పోదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సుబ్బారెడ్డి, సాల్మన్ రాజు వంటి ఆచార్యులు ఈ తీరపు మొక్కల పరాగ సంపర్కం మీద దశాబ్దాల పాటు పరిశోధనలు చేశారు. పువ్వుకూ కీటకానికీ ఉన్న ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళను దగ్గరగా చూడడానికి పెద్ద అడవులకే పోనక్కరలేదు. సంస్కృత పండితులు అర్కమధు న్యాయమని ఒకటి చెబుతారు: జిల్లేటి దగ్గరే తేనె దొరుకుతుంటే కొండకు పోవడమెందుకని దాని భావం. వెనక కంబాలకొండ, ముందు కైలాసగిరి పెట్టుకొని బతికే మనకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

తుమ్మెదలతో పాటు తేనెపిట్టలు కూడా ఈ పూల దగ్గరికి వస్తాయి. ఇక మొక్కను తినేవాటి జాబితా పెద్దదే. లేత కొసల మీద పసుపు పచ్చని పేనుబంక ముద్దగా పేరుకుంటుంది. గన్నేరు మీద ఆశించేదీ ఇదే. దీన్ని చూడగానే మందు కొట్టడం మన మిద్దె తోటల వారికి అలవాటు. పేనుబంక వచ్చిన వారం పది రోజులకు దాన్ని తినే అక్షింతల పురుగులు, సిర్ఫిడ్ ఈగ పిల్లలు వచ్చి చేరతాయి, వాటి వెనక సాలీళ్ళు, గొల్లభామలు వస్తాయి. మందు కొడితే ఆ వరస మొత్తం తెగిపోతుంది. వేపనూనె సురక్షితమని చాలామంది భావిస్తారు గానీ, అది గొంగళిపురుగును కూడా వదలదు. మరీ ఎక్కువైతే గొట్టంతో నీళ్ళు బలంగా కొట్టి రాలగొట్టడం చాలు. పసుపు, నీలం పట్టీలతో బొమ్మలా కనిపించే పెద్ద మిడత కూడా జిల్లేడుదే. దాని పిల్లల్ని కదిపితే విషపు నీటిని చిమ్మికొడతాయి కాబట్టి ముఖం దగ్గరగా పెట్టి చూడకూడదు. ఎరుపు, నలుపు రంగుల నల్లులు గింజల కోసం, ఒక రకం పండుఈగ కాయల లోపలి భాగం కోసం వస్తాయి. గొంగళిపురుగుల్లో చాలా భాగం పరాన్నజీవులైన కందిరీగలకు, ఈగలకు బలైపోతాయి. చూడడానికి బాధగా ఉన్నా, తోట పనిచేయడమంటే ఇదే.

పెంపకం విషయానికి వస్తే, చెప్పాల్సింది తక్కువ. విశాఖ ఎర్రనేల, ఇసుక, ఉప్పుగాలి, మండే ఎండ ఏవీ దీన్ని బాధించవు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్ళినా, రుషికొండ ఇసుకలో చూసినా ఈ రకం నేలలోనే ఇది హాయిగా ఉంటుంది. దీనికి గిట్టనివి నీడ, నిలువ నీరు. తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక ఎదిగిన మొక్కను రోడ్డు పక్క నుంచి తవ్వి తెచ్చి నాటితే సాధారణంగా బతకదు, పైగా అది చేయకూడని పని. తెల్ల జిల్లేడు వేరులో వినాయకుడి రూపం ఉంటుందని పాత పొదలను వేళ్ళతో సహా పెకలించి అమ్మడం వల్ల అవి ఇప్పటికే తగ్గుతున్నాయి. పండిన కాయలోని గింజలకున్న దూది తీసేసి జూన్, జూలైలో నేరుగా అనుకున్న చోటే విత్తితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. కొమ్మ నాటేటట్లయితే ముదురు కొమ్మను కోసి, పాలు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి నాటాలి. మేడ మీద పెంచేవారు చిన్న కుండీలతో కాలం వృథా చేసుకోకుండా సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము వాడడం మంచిది. ఎర్రమట్టిలో మూడో వంతు ఇసుక, కాస్త చివికిన పశువుల ఎరువు చాలు. ఎరువు ఎక్కువైతే మెత్తని ఆకులు, వాటి మీద పేనుబంక పెరుగుతాయి తప్ప పూలు పెరగవు.

మన ఊళ్ళో అసలు సమస్య గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజును మరిచిపోయిన విశాఖ మనిషి ఉండడు. జిల్లేడు కలప పెళుసు, పెనుగాలికి విరుగుతుంది. అయితే వేరు బాగుంటే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ఆ గుణాన్నే మనం వాడుకోవాలి. సెప్టెంబరు నెలాఖరుకు పొడవైన కొమ్మలను నడుమెత్తుకు కత్తిరించేస్తే తుఫాను కాలంలో విరిగి పిట్టగోడ దాటి పడే ప్రమాదం తగ్గుతుంది, పైగా తర్వాత వచ్చే లేత చిగుళ్ళ మీద గుడ్లు పెట్టడానికి తల్లి చిలుకలు ఎగబడతాయి. ఉన్న కొమ్మలన్నీ ఒకేసారి కొట్టకుండా సగం ఉంచాలి, లేకపోతే ఆకుల మీద ఉన్న పిల్లలు ఆకలితో పోతాయి. కోసిన కొమ్మలను కూడా ఒకరోజు మొక్క మొదట్లోనే వదిలేస్తే వాటి మీదున్న గొంగళిపురుగులు పాక్కుంటూ వెనక్కి చేరతాయి.

ఇక మొదట వాయిదా వేసిన భయం సంగతి. జిల్లేడు పాలు కంటిలో పడితే కంటిపాప ముందుండే నల్లగుడ్డు పొర లోపలి కణాలు దెబ్బతిని చూపు మసకబారుతుంది. ఇందులో మోసమేమిటంటే చాలాసార్లు నొప్పి పెద్దగా ఉండదు. పాలకు తిమ్మిరి పుట్టించే గుణం ఉండడంతో మనిషి తేలిగ్గా తీసుకుంటాడు. నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే కనీసం పావుగంట సేపు శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి కడిగి, అదే రోజు కంటి వైద్యుడికి చూపించాలి. తల్లిపాలు, ఆముదం వంటివి కంట్లో పోసే ప్రయోగాలు చేయకూడదు. కత్తిరింపులు చేసేటప్పుడు చేతి తొడుగులతో పాటు కళ్ళజోడు తప్పనిసరి. తెగిన కొమ్మ కింద నిలబడి పైకి చూడకూడదు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే ముఖం తుడుచుకోకూడదు. పూజకు పత్రి కోసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. పాకే పిల్లలు, ఆకులు నోట్లో పెట్టుకునే పసివారు ఉన్న ఇంట్లో ఈ మొక్క ప్రస్తుతానికి వద్దనే నేను చెబుతాను. పిల్లలు కాస్త పెద్దయ్యాక నాటుకున్నా నష్టమేమీ లేదు. మిగిలినవారు నడిచే దారికి, బట్టలారేసే తీగకు దూరంగా ఒక మూల చూసుకుంటే సరిపోతుంది.

నర్సరీలో సీతాకోకచిలుకల మొక్క అని అమ్మే ఎరుపు, పసుపు పూల చిన్న మొక్కను కొంటే ఈ తలనొప్పి ఉండదు కదా అని కొందరు అడుగుతారు. అది ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన అస్క్లేపియాస్ కురసావికా. దగ్గరి చుట్టం కాబట్టి దాని ఆకునూ ప్లెయిన్ టైగర్ పిల్లలు తింటాయి. దాని పాలూ విషమే, కాబట్టి జాగ్రత్తలేమీ తప్పవు. ఇదే మొక్క గురించి అమెరికాలో పెద్ద వాదన నడుస్తోంది: అక్కడి మోనార్క్ చిలుకలు చలికాలంలో వలసపోవాలి, స్థానిక పాలమొక్కలు ఆ కాలానికి ఎండిపోతాయి, ఇది మాత్రం వెచ్చని చోట్ల పచ్చగా ఉండి చిలుకలను ఆపేయడంతో ఆకుల మీద ఒక పరాన్నజీవి పేరుకుపోతుంది. ఆ హెచ్చరికలను చదివి మనవారు జిల్లేడు విషయంలోనూ కంగారుపడుతుంటారు. చిలుక ఏడాదంతా ఇక్కడే ఉండే, జిల్లేడు ఎప్పటి నుంచో ఏడాదంతా పచ్చగానే ఉన్న చోటికి ఆ లెక్క యథాతథంగా సరిపోదు. నర్సరీ మొక్కతో నాకున్న అభ్యంతరం వేరు. వేరు ద్వారా మొక్కంతా పాకే పురుగుమందు వేసి పెంచిన మొక్కలు బయటికి చక్కగానే కనిపిస్తాయి, వాటి ఆకు తిన్న గొంగళిపురుగులు రెండు రోజుల్లో నల్లబడి రాలిపోతాయి. పైగా ఆ చిన్న పూలలో గండు తుమ్మెదకు జిల్లేటిలో దొరికే చోటు దొరకదు.

చివరిగా ఇరుగుపొరుగు సంగతి. ఎండలు ముదిరేసరికి కాయలు పగిలి, పట్టులాంటి దూదితో గింజలు సముద్రపు గాలికి వీధంతా తేలిపోతాయి. జిల్లేడు ఆకంటేనే ముఖం చిట్లించే పక్కింటివారి మేడ మీద అవి మొలిస్తే తగవు తప్పదు. కాయ పచ్చదనం తగ్గి మెత్తబడుతున్నప్పుడే పాత పలచటి గుడ్డను దాని చుట్టూ సంచిలా కట్టేస్తే గింజలు చేతికి వస్తాయి. ఆ దూదిని పారేయకుండా గాలికి ఎగరని చోట, జాలీ సంచిలో వదులుగా కుక్కి పిట్టగోడకు వేలాడదీయండి. గూడు కట్టుకునే కాలంలో తేనెపిట్టలు వచ్చి పోగులు పోగులుగా లాక్కుపోతాయి.